అత్తగారు పూజించిన పొక్కు

రండి, కాస్త ఇలా దగ్గరగా జరగండి. చేతిలో పనుంటే మానక్కర్లేదు, చిక్కుళ్ళ ఈనెలు తీసుకుంటూ కూడా వినొచ్చు. చంటిపిల్లలుంటే ఒళ్ళో కూర్చోబెట్టుకోండి, ఇది వాళ్ళ సంగతే. తలచుకుంటే ఇప్పటికీ నా గుండె గబగబా కొట్టుకుంటుంది. భయంతో కాదు, ఆ నాలుగు వారాల హడావుడి అలాంటిది.

నేను పుట్టింది బాపట్ల దగ్గర, పిట్టలవానిపాలెం వైపు ఒక పల్లెలో. చదువు మూడో తరగతితో సరి. కాపురానికి వచ్చింది రేపల్లె పక్క ఊరికి. పుట్టింటికి వెళ్ళాలంటే రేపల్లెలో ప్యాసింజరు ఎక్కాలి, తెనాలిలో దిగి మద్రాసు వైపు పోయే బండి పట్టుకోవాలి. రెండు బళ్ళకీ మధ్య తెనాలి ప్లాట్‌ఫారం మీద ఒక పూటంతా పడిగాపులు. నా కాపురంలో ముఖ్యమైన సంగతులన్నీ ఆ ప్లాట్‌ఫారం బెంచీ మీదే తేలాయంటే నమ్మండి.

అరవైలు అయిపోవస్తున్న రోజులు. నాకు ఇద్దరు పిల్లలు. పెద్దది ఆడపిల్ల, నాలుగో ఏడు నడుస్తోంది. రెండోవాడు ఏడు నెలల వాడు. అప్పట్లో మశూచిని ఎవరూ పేరు పెట్టి అనేవాళ్ళు కాదు. అమ్మవారు పోసింది అనేవాళ్ళు. ఒంటి మీద లేచే పొక్కుల్ని ముత్యాలు అనేవాళ్ళు. ఆవిడ వస్తే కొన్నిళ్ళలో మచ్చలు వదిలి వెళ్ళేది, కొన్నిళ్ళలో మనిషినే తీసుకుని వెళ్ళేది.

మా అత్తగారి ముఖం నిండా ఆ మచ్చలే. చిన్నతనంలో అమ్మవారు పోసి బతికిందట. అంతకంటే పెద్ద మచ్చ ఇంకోటి ఉంది. ఆవిడ మొదటి కొడుకు, అంటే మా బావగారు, అయిదేళ్ళప్పుడు ఆ అమ్మవారితోనే పోయాడు. పోవడానికి ముందే వాడికి టీకా వేశారు. టీకాల మాట ఎవరెత్తినా అత్తగారు ఒకటే అనేవారు: "వేయించానుగా. వేయించినా నా పెద్దాడు దక్కాడా?" ఇక ఎవరి నోరు లేస్తుంది?

ఆ ఏడు కోతలకు ముందు టీకాల ఆయన మా ఊరొచ్చారు. సైకిల్ మీద వచ్చేవారు. కాలవ వంతెన దగ్గర ఆ బెల్లు వినబడిందో లేదో వీధి వీధంతా గోల. మా అత్తగారు సేనాపతిలా నడుం బిగించి వీధి మధ్యలో నిలబడేవారు.

"ఒసే, నీ పిల్లాణ్ణి అటకెక్కించు. నువ్వు గడ్డివామి వెనక్కి పోరా. మీ పెద్ద కాగు ఖాళీయేగా, చిన్నదాన్ని అందులో కూకోబెట్టి మూకుడు ఓరగా పెట్టవే, ఊపిరాడాలి!"

మా పిల్ల వాటా ఖాళీ గాదె. నిలువెత్తు వెదురు గాదె, లోపల పేడతో అలికి ఉంటుంది. దాన్ని అందులోకి దించితే దానికి పండగ. లోపల మాట్లాడితే గొంతు గుమ్మని మోగుతుంది కదా! టీకాల ఆయన మా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారో లేదో గాదెలోంచి పాట మొదలైంది. అత్తగారు ఒక్క గంతులో రోకలి అందుకుని, వట్టి రోట్లో దంచడం మొదలుపెట్టారు.

"ఏం దంచుతున్నారు మామ్మగారూ?" అన్నారాయన.

"కారం నాయనా."

"ఘాటు రావడం లేదే?"

"మా మిరపకాయలు మర్యాద తెలిసినవి బాబూ. చుట్టం వచ్చినప్పుడు ఘాటు పెట్టవు."

ఆయనకి నవ్వు ఆగలేదు. ద్వారబంధం మీద సుద్దముక్కతో ఏదో రాసుకుని, అత్తగారిచ్చిన మజ్జిగ తాగి, "మళ్ళీ వస్తానండి" అని వెళ్ళిపోయారు. నేను చంటాణ్ణి పైట కింద పెట్టుకుని దొడ్లో నిలబడి నవ్వుకున్నాను. అప్పటికి నాకది ఆటే.

కోతలయ్యాయి. మినపచేలు కాపుకొచ్చాయి. ఆ రోజుల్లో మా వీధికి చేపల గంపతో ఒకామె వచ్చేది. ఒక పొద్దున గంప దించకుండానే అరుగు కింద నిలబడి అంది: "సముద్రం వైపు పల్లెల్లో అమ్మవారు తిరుగుతోందమ్మా. రెండిళ్ళకి వేపమండలు కట్టారు. నేను అటు పోటం మానేశాను."

అత్తగారు రెండు చేతులూ జోడించి కళ్ళు మూసుకున్నారు. నేను మాత్రం కళ్ళు తెరిచాను. నా పిల్లలిద్దరూ అరుగు మీద ఆడుకుంటున్నారు. నా చేతి మీద చిన్నప్పుడు మా నాన్న వేయించిన టీకా మచ్చలు రెండున్నాయి. వాళ్ళ చేతులు నున్నగా, తెల్లగా, ఏమీ లేకుండా ఉన్నాయి. ఇద్దర్నీ గబుక్కున దగ్గరికి లాక్కున్నాను.

ఆ మధ్యాహ్నం చేలోకి క్యారేజీ తీసుకెళ్ళాను. మా ఆయన గట్టు మీద కూర్చుని ముద్ద కలుపుతున్నారు.

"ఏవండీ, పిల్లలిద్దరికీ టీకాలు వేయిద్దామండి."

ముద్ద నోటిదాకా వెళ్ళి ఆగింది. "అమ్మ?"

"అత్తయ్య సంగతి తర్వాత. పిల్లల సంగతి చెప్పండి."

"అన్నయ్యకి వేయించారుగా. ఏమైంది?"

"నాకూ వేయించారు. ఏమయ్యాను? ఎదురుగా కూర్చుని మీకు పప్పు వడ్డిస్తున్నాను."

ఆయన ముద్ద మళ్ళీ గిన్నెలో పెట్టేశారు. "వేశాక వీళ్ళకేమన్నా అయితే? అమ్మ ఇంకోసారి అట్టా ఏడిస్తే నేను చూడలేనే."

"నేను మాత్రం చూడగలనా? కానీ అమ్మవారు గడప తొక్కాక మనం ముగ్గురం కలిసి ఏడ్చినా లాభం ఉండదండి."

 నేను ఖాళీ క్యారేజీ తీసుకుని గట్టు సగం నడిచాక వెనక నుంచి కేకేశారు: "మీ నాన్న కొత్త మినుములతో గారెలు చేయించి రమ్మన్నాడని అమ్మతో చెప్పు!"

నేను వెనక్కి తిరక్కుండానే నవ్వాను. ఆ గట్టు మీద ఎగరలేదు గానీ, కాళ్ళు ఎగిరినంత పని చేశాయి.

ఇంటికొచ్చి గారెల మాట చెప్పాను. అత్తగారు వెంటనే ఒప్పుకున్నారు. "వెళ్ళిరండి, మీ అమ్మ నిన్ను చూసి ఎన్నాళ్ళయిందో పాపం. పిల్ల మాత్రం నా దగ్గరుంటుంది. అది లేందే నాకు ముద్ద దిగదు." పిల్ల కూడా నాయనమ్మ మెడ పట్టుకుని వేలాడింది. "నేను రాను. నాయనమ్మ దగ్గరే ఉంటా." ఎంత బతిమాలినా దిగలేదు. ఎక్కువ బతిమాలితే అనుమానం వస్తుంది. అలా, ఇద్దరికని పన్నిన ఎత్తు ఒకడికే మిగిలింది. ఎడ్లబండి కదులుతుంటే పిల్ల గుమ్మంలో నిలబడి ఊపిన చెయ్యి వంకే చూశాను. నున్నటి చెయ్యి.

తెనాలిలో దిగాం. బాపట్ల బండికి ఇంకా చాలా వేళ ఉంది, ఆలోపే ఊళ్ళో ఆసుపత్రికి వెళ్ళి రావాలని మా ఎత్తు. బెంచీ మీద కూర్చున్నాక మా ఆయనకి మళ్ళీ పిరికి మందు పోసినట్టయింది.

"పిల్లదానికి లేకుండా వీడికొక్కడికేనా?"

"ఒకళ్ళకన్నా అవుతుందిగదండీ."

"జ్వరం వస్తుందట."

"వచ్చి పోతుందట."

"పోనీ వచ్చేటప్పుడు చూద్దామా?"

 చంటాణ్ణి తీసి ఆయన ఒళ్ళో పడేశాను. ఇంజను బొగ్గుపొడి పడి వాడి బుగ్గ మీద నల్లటి చుక్క. ఆయన వేలితో తుడిచారు. వాడు ఆయన మీసం పట్టుకుని లాగి కిలకిలా నవ్వాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళు, మీసం నొప్పికో మరెందుకో నాకు తెలియదు. చటుక్కున లేచి నిలబడ్డారు.

"కూర్చున్నావేంటే? నడు! ఆ జట్కా వెళ్ళిపోతోంది!"

కూర్చున్నది నేనట! జట్కా వెనక ఇద్దరం పరిగెత్తాం. సంచీ ఆయన చంకలో, పిల్లాడు నా చంకలో. ఆసుపత్రికి వెళ్ళేదాకా గుర్రం కంటే నా గుండె జోరుగా పరిగెత్తింది.

నర్సమ్మ చేతిలో అంచుకి ముళ్ళలాంటి సన్నటి పళ్ళున్న బిళ్ళ ఒకటి ఉంది. మందు చుక్క వేసి ఆ బిళ్ళ అదిమి చర్మం మీద తిప్పుతారు. ఆమె వాడి చెయ్యి పట్టుకుంది.

"చేతికొద్దమ్మా," అన్నాను గబుక్కున. "కనపడనిచోట వేయండి."

"ఆడపిల్లలకైతే తొడకి వేయమంటారు, మచ్చ కనపడుతుందని. మగపిల్లాడికేం సిగ్గమ్మా?"

"సిగ్గు వాడిది కాదమ్మా, మాది."

ఆమె మా ఇద్దరి ముఖాలూ చూసి ఫక్కున నవ్వేసింది. తొడ మీద పక్కపక్కన రెండుచోట్ల తిప్పింది. వాడు ఆసుపత్రి కప్పు ఎగిరిపోయేలా అరిచాడు. "తుడవొద్దు, దానంతటదే ఆరాలి. నాలుగైదు రోజులకి పొక్కు లేస్తుంది. వారం తిరిగాక జ్వరం తగలొచ్చు. కంగారు పడొద్దు" అని చెప్పి పంపింది.

బాపట్ల దాకా వాడి కాలు నా అరచేతిలో పట్టుకునే కూర్చున్నాను, గుడ్డ తగలకుండా. మా అమ్మ ఆ తొడ చూసింది, నా ముఖం చూసింది. పాత చీర కత్తిరించి మోకాళ్ళు దాటే గౌను ఒకటి కుట్టి తొడిగింది. నాలుగు రోజులుండి, గారెలు నిజంగానే తిని, మూటకట్టుకుని తిరిగొచ్చాం.

"మగపిల్లాడికి గౌనేంటే?" అన్నారు అత్తగారు గుమ్మంలోనే.

"మా అమ్మ ముచ్చటపడి కుట్టిందండి."

"ముచ్చట బాగానే ఉంది. రేపు జడ కూడా వేస్తుందేమో."

రెండు రోజులు గౌను గండం గడిచింది. మూడో పొద్దున వాడు నలతగా ఏడుస్తున్నాడు. నేను కాలవకి నీళ్ళకెళ్ళి వచ్చేసరికి అత్తగారు వాకిట్లో పీట మీద కాళ్ళు చాపుకుని, వాడికి నూనె రాయడానికి గౌను తీసేసి, కాళ్ళ మీద పడుకోబెట్టుకున్నారు. తొడ మీద రెండు పొక్కులు, నిండుగా, నీరు పట్టి, మధ్యలో చిన్న గుంటతో. ఒళ్ళు పెనంలా కాలుతోంది.

నా చంకలో బిందె దించడం కూడా మరిచిపోయి నిలబడ్డాను. ఇక తిట్లు మొదలవుతాయనుకున్నాను. ఆవిడ తిట్టలేదు. నూనె చేతులు కొంగుకి తుడుచుకుని, రెండు చేతులూ జోడించి, మెల్లగా అన్నారు:

"వచ్చావా తల్లీ."

అప్పుడు అర్థమైంది నాకు. ఊళ్ళో ఎవరికైనా టీకా అంటే చేతికే. తొడ మీద టీకా ఉంటుందని ఆవిడకి తోచనే లేదు. తోచకుండా చేసింది నేనే. నేను దాచిన చోటే నన్ను పట్టించింది. కాదు, పట్టించినా బాగుండేది. అమ్మవారిని ఇంటికి రప్పించింది.

ఇక చూడండి ఇల్లు. గుమ్మానికి వేపమండలు. పొయ్యి మీద పోపు చప్పుడు బంద్. నూనె బాండీ కడిగి బోర్లించారు. "ఒరే, గడ్డం గీయకు. చాకలికి బట్టలేయకండి. గట్టిగా మాట్లాడకండి, ఆవిడకి చిరాకు." చలివిడి, పెరుగన్నం, పసుపునీళ్ళు. వేపరెమ్మతో వాడికి విసురుతూ, వచ్చిన చుట్టంతో మాట్లాడినట్టు పొక్కుతో మాట్లాడేవారు.

"ఎంత చల్లని తల్లివే. రెండే రెండు ముత్యాలు తెచ్చావు. నాకు గంపెడు పోశావే, గుర్తుందా? పోన్లే, అది పాత సంగతి."

అక్కడిదాకా వింటే నాకు లోపల నవ్వొచ్చేది. కానీ ఆ వెంటనే నా కూతుర్ని ఒళ్ళోకి లాక్కుని, దాని నెత్తి మీద చెయ్యి పెట్టి అనేవారు: "దీని జోలికి రాకు తల్లీ. నా దగ్గర ఒకణ్ణి తీసుకున్నావు. ఇది నాకొదిలెయ్."

ఆ మాటకి నవ్వు గొంతులోనే ఇంకిపోయేది. ఆవిడ నా అబద్ధానికి భయపడుతోంది. చెప్పేద్దామంటే, చెప్పాక పిల్లదానికి ఇక ఈ జన్మలో టీకా వేయనివ్వరు. చెప్పకుంటే, సముద్రం వైపు నుంచి నిజం అమ్మవారు రేపో ఎల్లుండో మా కాలవ దాటొచ్చు. దొడ్లో గడ్డి లాగుతూ మా ఆయన గుసగుసగా "చెప్పేద్దామే" అంటే, "ఒక్కరోజు ఆగండి" అనేదాన్ని. మధ్యమధ్య నాకే అనుమానం వచ్చేది. టీకా పొక్కేనా? నిజంగానే ఆవిడ వచ్చిందా? వాడి ఒళ్ళంతా వేళ్ళతో తడిమి చూసేదాన్ని. ఆ రెండే. మూడో రోజుకి జ్వరం దిగింది, వాడు వేపరెమ్మ లాక్కుని నమలడం మొదలుపెట్టాడు.

ఆ మూడో రోజే జీపొచ్చింది.

మా ఊరికి జీపు రావడమంటే ఓట్లకే. వేపమండలు చూసిన వాళ్ళెవరో రేపల్లెలో చెప్పారట, ఫలానా ఊళ్ళో అమ్మవారు పోసిందని. దుమ్ము రేపుకుంటూ తిన్నగా మా గుమ్మం ముందే ఆగింది. ముందు సీట్లో కుర్ర డాక్టరుగారు, వెనక మన సైకిలు టీకాల ఆయన. వీధి వీధంతా మా వాకిట్లో. 

అత్తగారు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు. "చెప్పులు విడిచి రండి నాయనా. లోపల అమ్మవారున్నారు."

ఇద్దరూ చెప్పులు విడిచారు. డాక్టరుగారు వంగి, గౌను పైకెత్తి, పొక్కుల వంక చూశారు. ఒక్క క్షణం. నడుం నిటారుగా చేసి మా ముగ్గురి వంకా చూశారు.

"ఇది టీకా పొక్కు కదండీ. బ్రహ్మాండంగా పట్టింది. ఎక్కడ వేయించారు?"

 అత్తగారు నా వైపు తిరిగారు.  చంటాడి గౌను కిందికి లాగి అన్నాను: "తెనాలిలో. నేనే వేయించానండి అత్తయ్యా."

"కాదమ్మా, నేను," అన్నారు మా ఆయన వెనక నుంచి. "జట్కా పిలిచింది నేనే."

 నన్ను కొట్టినా బాగుండేది. అత్తగారు వేపరెమ్మ పట్టుకునే అరుగు మీద కూలబడ్డారు. కాసేపటికి డాక్టరుగారి వంక చూశారు, నా వంక కాదు.

"బాబూ, నువ్వు చదువుకున్నవాడివి. టీకా వేశాక కూడా అమ్మవారు పోస్తుందా?"

"టీకా పట్టిందంటే పోయదండి మామ్మగారూ. పట్టడం ముఖ్యం. వేసినచోట తుడిచేస్తే పట్టదు. వెనకటికి చాలామంది మేము అటు తిరగ్గానే పసుపో బూడిదో రుద్ది తుడిచేసేవాళ్ళట. వేసినట్టూ ఉంటుంది, వేయనట్టూ ఉంటుంది."

అత్తగారి చేతిలో వేపరెమ్మ ఆగిపోయింది. ఆవిడ ముఖం మీది మచ్చలన్నీ ఒక్కసారి కదిలినట్టయింది.

"నేనే తుడిచాను," అన్నారు.

ఎవరికీ అర్థం కాలేదు.

"నా పెద్దాడికి. టీకాలవాడు మలుపు తిరగ్గానే నిమ్మకాయ కోసి రుద్దాను. మా అత్తగారు రుద్దమంది. అమ్మవారికి కోపమొస్తుందంది. మండినా ఆ పిచ్చితండ్రి ఏడవలేదు బాబూ. 'పోయిందా అమ్మా?' అన్నాడు. 'పోయిందిరా' అన్నాను." వేపరెమ్మ కింద పెట్టారు. "ఇన్నేళ్ళూ టీకాని తిట్టుకున్నాను."

మా ఆయన వెళ్ళి ఆవిడ పక్కన కూర్చున్నారు. ఆయనకే తెలియదు ఆ మాట. ఎవరికీ తెలియదు. నేను ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చున్నాను.  "అత్తయ్యా" అన్నాను, అంతే.

ఆవిడ కొంగుతో ముఖం గట్టిగా తుడుచుకున్నారు. లేచారు. లేచిన మనిషి కూర్చున్న మనిషి కాదు.

"ఏమే, ఇట్రా!"

నాకనుకున్నాను. నాకు కాదు, నా కూతురికి. అది గాదె పక్కన నక్కి ఉంది. టీకాల ఆయన దాన్ని చూసి నవ్వారు. "వట్టి రోట్లో కారం దంచిన రోజున గాదెలో పాట పాడిన పాప ఇదేనాండీ?"

"ఇదే నాయనా. ఆ రోజు నీకు తెలుసా?"

"గొంతు బాగుందండి. వీధి మలుపుదాకా వినపడింది."

అత్తగారు పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, ఆ నున్నటి చెయ్యి తనే పట్టుకున్నారు. ఈసారి ఆ పళ్ళ బిళ్ళ కాదు, రెండు మొనలున్న చిన్న సూది, కొత్తగా వచ్చిందట. మందులో ముంచి టకటకా పొడిచారు. పిల్ల ఏడుపు అందుకునేలోపే అయిపోయింది.

"పోయిందా నాయనమ్మా?" అంది పిల్ల.

ఆ మాట దానికెవరు నేర్పారు? ఎవరూ నేర్పలేదు. అత్తగారు దాన్ని గుండెకి హత్తుకున్నారు. "పోలేదే. ఉంది. ఉండాలి." ఆ చెయ్యి ఆరేదాకా ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో ఈగలు తోలుతూ కూర్చున్నారు. పక్కింటావిడ చూద్దామని దగ్గరికి వంగితే, "దూరం! ఎవరన్నా ముట్టుకున్నారో, ఈ రోకలి ఉంది చూడు!" అన్నారు.

చెయ్యి ఆరింది. పిల్లని నాకప్పగించి, చీర కుచ్చిళ్ళు ఎగదోపి, డాక్టరుగారితో అన్నారు: "నా వెనకాలే రండి నాయనా. మీరు వెతికితే దొరకరు. దాచింది నేను."

అబ్బ, ఆ మధ్యాహ్నం మీరు చూడాల్సింది! జీపు చప్పుడు వినగానే వీధిలో పిల్లలందరూ ఎక్కడివాళ్ళక్కడ మాయమయ్యారు కదా. మా అత్తగారు ముందు, వెనక డాక్టరుగారు, ఆ వెనక టీకాల ఆయన, ఆ వెనక చంకలో చంటాడితో నేను, పెద్దదాని చెయ్యి పట్టుకుని మా ఆయన. పెళ్ళి ఊరేగింపే.

"ఒసే, మీ కాగు మూకుడు తియ్యి!" మూకుడు తీస్తే లోపల రెండు కళ్ళు. "గడ్డివామి వెనక చూడు బాబూ, ఇద్దరుండాలి." ఇద్దరే ఉన్నారు. "అటక మీద ఎవర్రా? నీ కాలు కనపడుతోంది, దిగు." ఒకింట్లో సగం ఖాళీ అయిన గాదెలోంచి ధాన్యం మీద పొదిగిన కోడిలా కూర్చున్న పిల్లాణ్ణి చెయ్యి పట్టి లేపారు. వాడు లబోదిబోమన్నాడు: "మామ్మా! నువ్వేగా ఇక్కడ దాక్కోమన్నావు!"

"నేనే చెప్పాను. ఇప్పుడు నేనే దిగమంటున్నాను. దిగు."

వాళ్ళమ్మ ఎదురు తిరిగింది. "ఏంటత్తా ఇది? ఇన్నాళ్ళూ వద్దని, ఇవాళ నువ్వే తెస్తావా?"

"ఇన్నాళ్ళూ తప్పు చెప్పాను. ఇవాళ ఒప్పు చెప్తున్నాను. వెనకటిది విన్నావు, ఇది వినలేవా?"

ఆవిడ విన్నది. అందరూ విన్నారు. పేచీ పెట్టింది పిల్లలే. సాయంత్రం జీపు వెళ్ళేసరికి మా వీధిలో ఏడవని పిల్లలు లేరు, నవ్వని తల్లులు లేరు. అత్తగారు ప్రతి గుమ్మం ముందూ ఆగి ఒకే మాట చెప్పుకుంటూ వచ్చారు: "తుడవకండి. నిమ్మకాయ ముట్టుకుంటే నేనూరుకోను."

ఇంటికొచ్చాక నేను గుమ్మానికున్న వేపమండలు తీయబోయాను. అత్తగారు నా చెయ్యి పట్టుకున్నారు. ఆ రోజంతటిలో నాతో అన్న మొదటి మాట అది.

"ఉంచవే. తెచ్చింది నువ్వే అయినా, వచ్చింది ఆవిడే. చిన్నగా వచ్చింది, పెద్దగా రాకుండా. చుట్టాన్ని మధ్యలో వెళ్ళగొట్టకూడదు." ఆ తర్వాత కాస్త ఆగి, "ఇంకోసారి నా దగ్గర దాచకు" అన్నారు. ఇంకొంచెం ఆగి, "గారెలన్నా నిజమేనా?" అన్నారు.

"నిజమేనండి అత్తయ్యా. మీక్కూడా తెచ్చానుగా."

పిల్లలిద్దరి పొక్కులూ ఎండి చెక్కు రాలేదాకా మా ఇంట్లో పోపు వేయలేదు. రాలిన రోజున వేపాకు, పసుపు వేసిన నీళ్ళు పోసి, చలివిడి చేసి వీధంతా పంచారు. అప్పటి నుంచి మా వీధిలో అదే ఆనవాయితీ అయింది. పిల్లలకి టీకా వేస్తే గుమ్మానికి వేపరెమ్మ, చెక్కు రాలితే చలివిడి. టీకాల ఆయన సైకిలు బెల్లు వినబడితే పిల్లలు దాక్కోవడం మానలేదు గానీ, ఎక్కడ దాక్కున్నా ఆవిడకి తెలిసేది. ఆ ఏడు సముద్రం వైపు నుంచి అమ్మవారు మా కాలవ దాటి రాలేదు. డెబ్భైల్లో నాకు మూడోవాడు పుడితే, వాణ్ణి ఎత్తుకుని తెనాలి ప్లాట్‌ఫారం మీద జట్కా కోసం పరిగెత్తింది ఎవరనుకున్నారు? నేను వెనక, ఆవిడ ముందు.

ఇదీ మా అత్తగారి పొక్కు సంగతి. విన్న మీ కడుపులు చల్లగా ఉండాలి. మీ పిల్లల ఒంటి మీద టీకా మచ్చ తప్ప ఇంకే మచ్చా పడకుండు గాక. మీ గాదెల్లో ధాన్యం ఉండాలి గానీ భయంతో దాక్కున్న పిల్లలు ఉండకూడదు. మీ ఇంటి గుమ్మానికి కట్టిన ఆకు పచ్చగా ఉండు గాక, మీ ఇంట్లో అత్త చెప్పింది కోడలూ, కోడలు చెప్పింది అత్తా విందురు గాక.